పేరు చెప్పని మనవి

జూన్ 4

వదినగారికి మీ కోడలి తల్లి వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఫోను చేద్దామనే అనుకున్నాను. కానీ మా ఆయనకు చెవుడు వచ్చాక నా గొంతుకు అరవడమే అలవాటైపోయింది. నేను ఫోనులో మాట్లాడితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఈ సంగతి వీధికి అక్కర్లేదు.

అమ్మాయి, చిట్టి శనివారం మధ్యాహ్నం బస్సు దిగారు. ముందుగా ఒక్క మాట లేదు. "సెలవులు కదమ్మా" అంది. చిట్టి చదివే ప్రైవేటు బడి అందరికంటే ముందే, మే నెలాఖరుకే తెరిచారని మనిద్దరికీ తెలుసు. రెండు సంచులు తెచ్చింది. ఒకదాంట్లో బట్టలు. రెండోదాంట్లో చిట్టి బడి కాగితాలు, టీకాల కార్డు, తన సర్టిఫికెట్లు. నాలుగు రోజులు ఉండటానికి పుట్టింటికి వచ్చే పిల్ల టీకాల కార్డు ఎందుకు తెచ్చుకుంటుంది వదినా?

అడిగితే చెప్పడం లేదు. కడిగిన గ్లాసే మళ్ళీ కడుగుతోంది. పడుకోబోయే ముందు గ్యాసు కట్టేశానా లేదా అని లేచి లేచి చూస్తోంది. నిన్న చిట్టి బొమ్మతో ఆడుకుంటూ, "నాన్న నిద్రపోతున్నాడు, లేపకు. లేపితే ఏడుస్తాడు" అంటోంది. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

పోయిన నెల మీరు రాసిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "దేవుని కృప వల్ల అందరం బాగున్నాం, అబ్బాయికి ల్యాబులో పని ఎక్కువగా ఉంది" అని రాశారు. నమ్మాను. మా అల్లుడు కట్టుడు పళ్ళు చేస్తాడని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటాను. మా ఆయన నోట్లో ఉన్నవి అతను చేసినవే కదా. అవి పెట్టుకున్నప్పటి నుంచి ఈయన పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు, నవ్వించేవాళ్ళే లేరు.

నా దగ్గర దాచొద్దు. ఉన్నదున్నట్టు రాయండి. పిల్లనిచ్చినదాన్ని, పరాయిదాన్ని కాదు.

గుమ్మం వైపే చూస్తూ,
మీ వియ్యపురాలు

*

జూన్ 11

వదినకు,

మీ ఉత్తరం నేను పనిచేసే ఆస్పత్రి లాండ్రీ అడ్రసుకు రావడమే మంచిదైంది. ఇంటికి వస్తే మావాడు తీసేవాడు. ఇకముందు కూడా ఇక్కడికే రాయండి. ఒక మూట దుప్పట్లు అయ్యాక ఇంకో మూట వచ్చేలోపు, ఇస్త్రీ బల్ల మీద ఇది రాస్తున్నాను. ఆవిరికి కాగితం మెత్తబడిపోతోంది. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకండి.

మావాడు తాగుతున్నాడు. రెండు మాటలే, రాయడానికి మూడు కాగితాలు చించాను.

ఏడాదిన్నర అయింది. తాగుడు వల్ల నిద్ర చెడిందని అందరూ అనుకుంటారు. ఇంట్లో ఉండి చూసినదాన్ని చెబుతున్నాను, ముందు చెడింది నిద్రే. వాళ్ళ నాన్న పోయినప్పుడు వీడు కన్నీటి చుక్క రాల్చలేదు. గట్టివాడనుకున్నాం. ఆర్నెల్ల తర్వాత ఒక పొద్దున మంచం మీద కూర్చుని, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఏంట్రా?" అంటే, "రెండోది ఎందుకు వేసుకోవాలో తెలియట్లేదమ్మా" అన్నాడు. నేను నవ్వాను వదినా. వేళాకోళమాడుతున్నాడనుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తింటోంది.

మొదట్లో నిద్ర పట్టడానికి కొంచెం అన్నాడు. పోనుపోను చేతులు వణక్కుండా ఉండటానికి అన్నాడు. పన్ను అచ్చు మీద మైనం చెక్కేవాడికి చెయ్యి వణికితే ఇంకేముంది? మే నెలాఖరున అమ్మాయి పని నుంచి వచ్చేసరికి పాలు పొంగి మంట ఆరిపోయి ఇల్లంతా గ్యాసు వాసన. వీడు కుర్చీలో ఒళ్ళు తెలియకుండా ఉన్నాడు. చిట్టి పక్క గదిలో బొమ్మలేసుకుంటోంది. అమ్మాయి కిటికీలన్నీ తెరిచింది, పిల్లను ఎత్తుకుంది. వారం తిరక్కుండా బస్సెక్కింది. ఆమెది తప్పని నేను అనను.

ఒక్కటే వేడుకుంటున్నాను. ఇది మీ కడుపులో పెట్టుకోండి. రోజూ తెల్లవారి అయిదింటికి నేను ఇక్కడ మోకరిస్తాను, మీరు అక్కడ మోకరించండి. ఇద్దరు తల్లులం ఒకే గడియలో అడిగితే దేవుడు కాదంటాడా? కానీ మూడో మనిషికి తెలియనివ్వకండి. వాడికి మిగిలింది పరువొక్కటే.

చిట్టికి నానమ్మ ముద్దులు.

మీ వదిన

*

జూన్ 21

వదినా,

కొంగు నోట్లో కుక్కుకుని చదివాను మీ ఉత్తరం. ఇన్నాళ్ళూ ఒక్కరే ఎలా మోశారు?

అయిదింటికి లేస్తున్నాను. మా ఆయన కూడా పక్కన వచ్చి కూర్చుంటున్నాడు. ఆమెన్ అన్నప్పుడే ఆయనకు మెలకువ వస్తుంది, చెవుడున్నా ఆ మాటొక్కటి వినిపిస్తుందట. "ప్రభువా, ఆ సీసా ముక్కలు చెయ్యి, మా అల్లుడి చేతులు మా అల్లుడికి తిరిగి ఇయ్యి" అని అడుగుతున్నాను.

నిన్న గురువారం స్త్రీల కూడికలో ఎవరి ప్రార్థన మనవులు వాళ్ళు చెప్పమన్నారు. ఒకామె మోకాలి నొప్పి చెప్పింది. ఇంకొకామె కొడుకు ఉద్యోగం సంగతి చెప్పింది. నా వంతు వచ్చేసరికి ఆగలేకపోయాను. పేరు చెప్పలేదు వదినా, నిజం. "మా దగ్గరి బంధువు ఒకతను తాగుడులో పడ్డాడు, మనసు చెదిరి ఉన్నాడు, పళ్ళు కట్టే చేతులు వణుకుతున్నాయి" అన్నాను, అంతే. నలభై మంది ఆడవాళ్ళు ఒక్కసారి గొంతెత్తారు. మన ప్రార్థనకు ఇంత బలం తోడైతే మంచిదే కదా? పేరు దేవుడికి ఎలాగూ తెలుసు.

ఇంకో సంగతి. అమ్మాయి కొంచెం నోరు విప్పింది. డాక్టరు ఏదో చీటీ రాసిచ్చిందని, అది మీ చేతికిచ్చానని, ఆ తర్వాత అది లేదని అంది. ఏ చీటీ వదినా? మళ్ళీ అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది.

ధైర్యంగా ఉండండి.

మీ వియ్యపురాలు

*

జూలై 3

వదినగారికి,

పేరు చెప్పలేదన్నారు. మీకున్నది ఒక్కతే కూతురు. ఆమెకున్నది ఒక్కడే మొగుడు. పళ్ళు కట్టే అల్లుడు మీ ఊళ్ళో ఎంతమందికి ఉన్నాడు? పేరొక్కటి దాచి చిరునామా అంతా చెప్పారు.

ఆ కూడికలో కూర్చున్న ఒకామె మా ల్యాబు ఓనరు భార్యకు పిన్ని. మీరు గురువారం చెప్పారు, సోమవారానికి ఇక్కడికి చేరింది. ఓనరు చెడ్డవాడేం కాదు. పనివాళ్ళందరి ముందూ మావాడి భుజం మీద చెయ్యి వేసి, "నీ కోసం అక్కడ సంఘమంతా ప్రార్థన చేస్తోందటయ్యా" అన్నాడట. ఆ రోజు నుంచి మావాడికి పళ్ళ పని లేదు. "చేతులు కుదుటపడేదాకా" అని ప్లాస్టరు అచ్చులు కడిగే తొట్టి దగ్గర నిలబెట్టారు. పద్నాలుగేళ్ళుగా ఆ బల్ల దగ్గర చేసినవాణ్ణి.

ఇంటికొచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది. నా ఎదురుగా నేల మీద కూర్చుని, "అమ్మా, నేను మనిషినా, ప్రార్థన మనవినా?" అన్నాడు. ఆ ఆదివారం చర్చికి రాలేదు. ఇక రానంటున్నాడు. మొన్నటిదాకా సాయంత్రాలే తాగేవాడు, ఇప్పుడు పొద్దున్నే మొదలు.

మీరు దేవుడి చెవిలో చెప్పారా, ఊరి చెవిలో చెప్పారా?

నేను అయిదింటికి మోకరిస్తూనే ఉన్నాను. మీరు మాత్రం ఇక నా కొడుకు కోసం ఏమీ అడగకండి. చీటీ సంగతి మీకు అక్కర్లేదు.

ఇట్లు,
చిట్టి నానమ్మ

*

జూలై 11

వదినా,

మీరు 'గారు' తగిలించి దూరం పెట్టినా నేను వదినా అనే రాస్తాను.

తప్పు నాదే. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే. అతను అడిగిన ఆ మాట నా చెవుల్లోనే ఉంది. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.

కానీ చీటీ సంగతి నాకు అక్కర్లేదా? అమ్మాయి అంతా చెప్పింది. మీ ఆస్పత్రి డాక్టరమ్మే చూసి, మనసుకు జబ్బు చేసింది, తాగుడు దాని మీద వచ్చి పడింది, ఆరు వారాలు వార్డులో ఉంచాలని రాసిచ్చిందట. ఆ చీటీ మీ చేతిలో పెట్టి అమ్మాయి మీ కాళ్ళు పట్టుకుందట. మీరు చించేశారట. "ప్రార్థన ఉండగా ఆ వార్డెందుకు?" అన్నారట. ఇరవై ఏళ్ళు ఆస్పత్రి కూడు తిన్న మనిషి మీరు. కాలు విరిగితే ప్రార్థనా చేస్తాం, కట్టూ కట్టించుకుంటాం. దీనికెందుకు వద్దు? నేను నలభై మందికి చెప్పి అతని పరువు తీశాను. మీరు ఒక్క డాక్టరుకు అప్పగించకుండా అతని ప్రాణమే తీస్తున్నారేమో.

రాయకూడని మాట. రాసేశాను, కొట్టేయను.

అతను వార్డులో చేరేదాకా రానని అమ్మాయి అంటోంది. నేను నచ్చజెప్పను. మీరు అడగొద్దన్నారు గానీ, అయిదింటికి మెలకువ దానంతట అదే వస్తోంది. వచ్చాక ఊరుకోలేకపోతున్నాను.

మీ వియ్యపురాలు

*

జూలై 28

వదినా,

ఇన్నాళ్ళు జవాబు రాయంది మొదట కోపంతో, తర్వాత తీరిక లేక. అంతా చెబుతాను.

చీటీ చించింది నిజమే. ఎందుకో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నేను లాండ్రీలో చేరిన కొత్తల్లో ఆ వార్డు బట్టలు విడిగా ఒక ఆకుపచ్చ మూటలో వచ్చేవి. అప్పట్లో అక్కడ మనుషుల్ని మంచాలకు కట్టేసేవారు. పాత దుప్పట్లు పీలికలుగా చింపి వాటితో కట్టేవారు. ఆ పీలికలు ముళ్ళతో సహా మా దగ్గరికి వచ్చేవి. తడిసి బిగిసిన ముడి వేళ్ళకు లొంగదు, సూది పెట్టి విప్పాలి. ఎన్ని విప్పానో లెక్కలేదు. ఎవరి చేతికి కట్టారో, ఎంత గుంజుకుంటే ఇంత బిగిసిందో అనుకుంటూ విప్పేదాన్ని. అమ్మాయి చీటీ ఇచ్చినప్పుడు డాక్టరు రాత నా కంటికి ఆనలేదు వదినా. నా కొడుకు మణికట్లు కనిపించాయి. ఆ భయానికి ప్రార్థన అని పేరు పెట్టుకున్నాను.

మీ మాట మాత్రం ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. పద్దెనిమిదో తేదీ పొద్దున నేను ప్రార్థన ముగించి లేచేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నా కోసం ఏం అడుగుతున్నావమ్మా?"

"నువ్వు బాగుపడాలని."

"ఇంకోటి అడుగు. రేపు పొద్దున లేవకుండా ఉండేలా చూడమను. రోజూ లేవడమే కష్టంగా ఉంది."

మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు. నేను ఆ రోజు పనికి పోలేదు. వాడికి చొక్కా తొడిగి, చిన్నప్పుడు బడికి తీసుకెళ్ళినట్టు చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి నడిపించాను. ఇరవై ఏళ్ళుగా వెనక గుమ్మంలోంచి వెళ్ళేదాన్ని ముందు గుమ్మంలోంచి వెళ్ళాను.

వార్డు ఇప్పుడు అలా లేదు. ఎవర్నీ కట్టట్లేదు. పగలంతా తలుపులు తెరిచే ఉంటాయి. నేను చించిన చీటీ సంగతి డాక్టరమ్మకు గుర్తుంది, అయినా ఎత్తలేదు. కొత్తది రాసింది. "తాగుడు మానడం ఒక ఎత్తు, మనసు నయం కావడం ఇంకో ఎత్తు. మళ్ళీ జారొచ్చు. జారితే దాచకుండా మళ్ళీ తీసుకురండి" అంది.

ఆ వార్డు మూట ఇప్పుడు రోజూ నా బల్ల మీదికే తెప్పించుకుంటున్నాను. ఒక్కో దుప్పటీ దులిపి అంచులు తడిమి చూస్తున్నాను. ఒక్క ముడి లేదు. వాడిది ఏదో తెలియదు, అన్నీ వాడివే అనుకుని ఉతుకుతున్నాను.

ఒక్కటే బాధ. మోకరిస్తే మాట రావడం లేదు. "యేసయ్యా" అంటాను, ఆపైన ఏమీ తోచదు. నా కొడుకు కోసం అడగొద్దని మీకు రాశాను. అడగండి వదినా. నా వంతు కూడా మీరే అడగండి.

మీ వదిన

*

ఆగస్టు 6

వదినా,

మీ వంతు నేను అడుగుతున్నాను. మాట రాకపోతే ఊరికే కూర్చోండి, చాలు.

నేనూ ఒకటి చెప్పాలి. మా అన్నయ్య చిన్న వయసులో జ్వరంతో పోయాడని మీకు చెప్పాను. జ్వరం కాదు, తాగుడు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఇంట్లో అమ్మడానికి గిన్నె మిగల్లేదు. అమ్మ జాకెట్టు చేతులు మోచేతుల కిందికి కుట్టించుకునేది, దెబ్బలు కనబడకుండా. ఒక సాయంత్రం అమ్మ పళ్ళెం ముందు కూర్చుని తినకుండా ఏడుస్తుంటే, నేను పెరట్లోకి పోయి మోకరించి, "ప్రభువా, వాణ్ణి తీసుకుపో" అన్నాను. మనసారా అన్నాను. రెండు వారాలకు పోయాడు.

నేను అడిగినందుకు కాదని తెలుసు. పాస్టరుగారూ అదే చెప్పారు. తెలిసినా, తాగేవాడి కోసం ప్రార్థన అనేసరికి నా నోటిని నేను నమ్మలేను. అందుకే నలభై నోళ్ళకు అప్పగించాను వదినా. నా ఒక్కదాని మాట పైకి పోకూడదని.

మొన్న గురువారం కూడికలో లేచి, "నాది కాని సంగతి తెచ్చి మీ ముందు పెట్టాను. అది బయటికి పోయి ఒక మనిషి పని మీద పడింది. ఆ తప్పు నాది" అని చెప్పాను. మోకాలి నొప్పి ఆమె కుంటుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ పిన్నిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

అల్లుడు వార్డులో చేరాడని అమ్మాయికి చెప్పాను. బట్టలు ఆరేస్తున్నదల్లా తీగ పట్టుకుని చాలాసేపు నిలబడింది. మర్నాడు చిట్టి చేత బొమ్మ వేయించి ఈ కవర్లో పెట్టమంది. ఇల్లు బొమ్మ. ఏడు కిటికీలు, అన్నీ తెరిచే ఉన్నాయి. వాళ్ళ నాన్నకు ఇవ్వండి.

మీ వియ్యపురాలు

*

అక్టోబరు 15

వదినా,

మావాడు ఇంటికొచ్చి నెలన్నర దాటింది. కాస్త ఒళ్ళు చేశాడు. మాత్రలు వేళకు వేసుకుంటున్నాడు. ల్యాబులో మళ్ళీ పళ్ళ పని ఇచ్చారు. చిట్టి బొమ్మను అద్దం పక్కన అంటించుకున్నాడు. పోయిన ఆదివారం చర్చికి వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆఖరి పాటకు ముందే లేచిపోయాడనుకోండి, అయినా వచ్చాడు.

నవంబరు మొదటి శనివారం అమ్మాయిని, చిట్టిని పంపుతానని రాశారు. తప్పకుండా పంపండి. అంతా బాగుంది.

మీ వదిన

*

నవంబరు 5

వదినగారికి,

శనివారం మీ దగ్గరికి వచ్చినవాళ్ళు ఆదివారం పొద్దున్నే తిరిగి వచ్చేశారు. ఏం జరిగిందో మీరు కళ్ళతో చూశారు, నాకు అమ్మాయి చెప్పిన నాలుగు మాటలే తెలుసు. మీరు గుమ్మంలో అడ్డం నిలబడి "జ్వరం, జ్వరం" అన్నారట. చిట్టి మీ చేతి కిందనుంచి దూరి పరుగెత్తి వాళ్ళ నాన్న ఒళ్ళోకి ఎక్కితే, ఆ పిల్ల ఎవరో పోల్చుకోవడానికి అతనికి కాసేపు పట్టిందట.

మూడు వారాలుగా మళ్ళీ తాగుతున్నాడని మీ పక్కింటామె అమ్మాయికి చెప్పింది. "అంతా బాగుంది" అని మీరు రాసింది పదిహేనో తేదీన.

అతను జారినందుకు అమ్మాయికి కోపం లేదు. జారొచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట తనకీ తెలుసు. మీరు ఒక్క ముక్క రాసి ఉంటే తను ఒక్కతే వచ్చేది, పిల్లను తెచ్చేది కాదు. "ఏ మాట నిజమో తెలియని ఇంట్లో పిల్లతో ఉండలేనమ్మా" అంది. ఇక విడిగానే ఉంటానంటోంది. చిట్టిని ఇక్కడి బడిలో చేర్చేసింది. ఈసారి గోడవైపు తిరగలేదు, నా కళ్ళలోకి చూసి చెప్పింది.

ఇన్ని తెల్లవారుజాములు మనం అడిగింది ఇది కాదు.

చిట్టి అమ్మమ్మ

*

నవంబరు 14

వదినా,

ఆ పదిహేనో తేదీ ఉత్తరం రాసిన పొద్దునే వాడి చొక్కా జేబులో సీసా మూత దొరికింది. ఉతికేదాన్ని కదా, జేబులు తడమడం అలవాటు. ఆ మూత పక్కన పెట్టుకునే మీకు "అంతా బాగుంది" అని రాశాను. రాస్తున్నప్పుడు అబద్ధమనిపించలేదు. బాగుందని రాస్తే బాగవుతుందనిపించింది. నమ్మి పలికితే జరుగుతుందని సంఘంలో అంటూంటాం కదా. దేవుడి ముందు అలా పలకొచ్చేమో, మీ ముందు పలకకూడదు.

అత్తయ్య తప్పు పట్టలేదని అమ్మాయికి చెప్పండి. గ్యాసు నిండిన ఇంట్లో ముందు కిటికీలు తెరిచింది ఆ పిల్లే. ఇప్పుడూ అదే చేసింది.

మావాడు వారం రోజులు మంచం దిగలేదు. పదో తేదీన తనే లేచి స్నానం చేసి, "నువ్వు రాకమ్మా, దారి తెలుసు" అని వార్డుకు బయలుదేరాడు. నేను వంద అడుగుల వెనకాల నడిచాను. నడుస్తున్నానని వాడికి తెలుసు. మలుపు దగ్గర ఆగి, నేను అందుకునేదాకా నిలబడి, మళ్ళీ నడిచాడు.

వియ్యం తెగితే నేను మీకు ఏమవుతానో తెలియదు. వదినా అని రాయొచ్చా? జవాబు రాకపోయినా అర్థం చేసుకుంటాను.

*

జనవరి 13

వదినా,

"వదినా అనక ఇంకేమంటారు" అని అప్పుడే కార్డు ముక్క పడేశాను, అందింది కదా. పెద్ద ఉత్తరం మళ్ళీ ఇదే.

అమ్మాయి ఒప్పుకున్న ప్రకారం, నెలకోసారి, రెండో శనివారం, మన రెండు ఊళ్ళకూ మధ్యలో ఉన్న బస్టాండులో రెండు గంటలు చిట్టిని వాళ్ళ నాన్నకు చూపించాలి. నేను పక్కన ఉండాలి. మొన్న మొదటిసారి చిట్టిని తీసుకెళ్ళాను.

అల్లుడు మాకంటే ముందే వచ్చి టికెట్ల కిటికీ ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మీరు ఇస్త్రీ చేసిన చొక్కా అని మడత చూస్తేనే తెలిసిపోయింది. ఎలా ఉన్నావంటే, "రెండు నెలలైంది అత్తయ్యా ముట్టుకోక. రేపటి సంగతి చెప్పలేను" అన్నాడు. చిట్టి నా వెనక దాక్కుంది. అతను పిలవలేదు. కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు. అరగంట గడిచాక పిల్ల వెళ్ళి బల్ల చివర కూర్చుంది. ఇంకాసేపటికి నోరు తెరిచి చూపించింది, ముందు పన్ను ఊడింది కదా. "ఏదీ, వెలుతురు వైపు తిరుగు" అని గడ్డం పట్టుకుని పెద్దవాళ్ళ నోరు చూసినట్టు చూశాడు. "పక్కది కూడా కదులుతోంది. ఊగించకు, దానంతట అది ఊడుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ బస్సుల నంబర్లు చదువుకుంటూ కూర్చున్నారు.

వెళ్ళే ముందు చెప్పాను. "నీ సంగతి నలుగురిలో పెట్టాను నాయనా. నన్ను క్షమించు."

"మీరు మళ్ళీ లేచి చెప్పారని అమ్మ చెప్పింది. ఇంకా చేస్తున్నారా ప్రార్థన?"

"రోజూ."

"అందరూ నేను లేనప్పుడే చేస్తారు అత్తయ్యా. నా ఎదురుగా ఒక్కసారి చేయండి."

నలభై ఏళ్ళుగా కూడికల్లో గొంతెత్తుతున్నదాన్ని. అక్కడ కండక్టర్ల కేకల మధ్య అతని చెయ్యి పట్టుకున్నాను. "ప్రభువా, ఇడుగో, ఇక్కడే కూర్చుని ఉన్నాడు" అన్నాను. అంతే వచ్చింది. చిట్టి ఆమెన్ అంది.

బస్సు కదిలాక చిట్టి చెయ్యి ఊపలేదు, కిటికీకి ముఖం ఆనించి చూస్తూ ఉంది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ప్రశ్న: "వచ్చే నెల నాన్న వస్తాడా?" వస్తాడని చెప్పడానికి నాకు నోరు రావట్లేదు. ఏం చెప్పను వదినా?

మీ వియ్యపురాలు

*

జనవరి 21

వదినా,

ముందు చెడ్డ సంగతి. మిమ్మల్ని కలిసి వచ్చిన మూడో రోజు మావాడు తాగాడు. నేను కనిపెట్టలేదు, తనే వచ్చి చెప్పాడు. "దాని పన్ను ఎప్పుడు ఊడిందో నాకు తెలియదమ్మా. ఇంకా ఏమేం తెలియకుండా పోయాయో అనుకుంటూ ఆగలేకపోయాను" అన్నాడు. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. మాత్ర మార్చింది. ఇవాళ పనిలో ఉన్నాడు. నిజం ఇంతే. దీన్ని ఇంకాస్త అందంగా రాయడం నాకు వచ్చు, రాయను. ఈ ఉత్తరమే అమ్మాయికి చదివి వినిపించండి. వచ్చే నెల వద్దంటే వద్దు, నేను మారు మాట్లాడను.

నాకు మాట మళ్ళీ వస్తోంది, కొద్దికొద్దిగా. ఇదివరకు "వీణ్ణి బాగుచెయ్యి, వాళ్ళను కలుపు" అని ఒక్క ఊపిరిలో అడిగేదాన్ని. ఇప్పుడు వీడి కోసం విడిగా, అమ్మాయి కోసం విడిగా అడుగుతున్నాను. కలపమనడం మానేశాను. ఆ ఒక్క మాట వదిలిన పొద్దున వాచిన కళ్ళతో లాండ్రీకి ఆలస్యంగా వెళ్ళాను.

చిట్టి అడిగినదానికి, వస్తాడని చెప్పకండి. రాడనీ చెప్పకండి. నాన్నకు ఒంట్లో బాగుంటే నాన్న వస్తాడు, బాగాలేకపోతే నానమ్మ వస్తుంది అని చెప్పండి. వచ్చి, ఎందుకు రాలేదో పిల్లకు అర్థమయ్యే మాటల్లో నేనే చెబుతాను, జ్వరమని చెప్పను. పొద్దున మొదటి బస్సుకే బయలుదేరతాను. ఆ పిల్ల బల్ల మీద కూర్చుని దారి చూడకూడదు వదినా. మీరు వచ్చేసరికి మాలో ఎవరో ఒకరం అక్కడ కూర్చుని ఉంటాం.

మీ వదిన